దించుడు బిళ్ల మీద నా సాక్ష్యం

మొదటి రోజు

నేను వరహాలు. తెప్పలూరు మందుల విచారణ మండలికి ప్రమాణ సాక్షిని. మింగింది మింగినట్టు, జరిగింది జరిగినట్టు రాస్తానని పొద్దున ఏడింటికి ఉప్పునీళ్లు ముట్టుకుని చెప్పాను. ఇది నా పంతొమ్మిదో మందు. పద్దెనిమిదోదాని పని మీద రెండు నెలలు ఒడ్డున ఉండి నిన్ననే ఊళ్లోకి వచ్చాను. ఇదివరకటి పద్దెనిమిదింటిలో ఒక్కదాని విషయంలోనూ నా మాట తిరగబడలేదు. నా గొప్పేం లేదు. మనుషుల్ని నమ్మకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు, ఈ ఉద్యోగానికి కావలసిందీ అదే. మత్తు ఎంతో యంత్రాలు లెక్కగట్టి చెప్పడాన్ని కోర్టులు కొట్టేసిన దగ్గర్నుంచి, మనిషే మింగి చెప్పాలి.

ఈ మందుది ట్రిప్టమీన్లనే మత్తుమందుల కుటుంబం. రంగులూ బొమ్మలూ చూపించే దాని అన్నలందరూ నిషేధ జాబితాలో ఎప్పుడో ఎక్కారు. ఇది ఎక్కలేదు. కంటికి ఏమీ చూపించదట, చెవి మీదే పనిచేస్తుందట. వినే ప్రతి చప్పుడూ ఉన్నదానికన్నా కిందికి దిగి వినిపిస్తుందట. ఇంజను గదుల వాళ్లు ఆ కీచు భరించలేక వేసుకుంటారు. దించుడు బిళ్ల అని పేరు పెట్టిందీ వాళ్లే. చట్టం రాసిన మహానుభావులకు మత్తంటే కళ్లకు కనిపించేదే కాబట్టి నా ఫారంలో రంగులకో గడి, ఆకారాలకో గడి, మొహాలకో గడి ఉన్నాయి. చెవికి గడి లేదు. మార్జిన్లో రాసుకోవాలి.

చట్టంలో ఇంకో సంగతి ఉంది. జాబితాలో పేరు లేకపోయినా, లేనిదాన్ని ఉన్నట్టు తోపిస్తుందని ప్రమాణ సాక్షి రాస్తే ఆ మందు నిషేధించినదానితో సమానం. దాని మత్తు దిగకముందే పనిలోకి దిగి ప్రాణం తీసినవాళ్లకు పన్నెండేళ్లు. అలా రాస్తే నూకరత్నం ఉప్పు తీసే కొటారుల జైలుకు పోతుంది.

నూకరత్నం మూడో వరసలో తాళ్ల మనిషి. మా ఊళ్లో ఇళ్లన్నీ బల్లకట్లే. సముద్రపు గాలి లేచే ముందు పొద్దున తొమ్మిదింటికి తాళ్లు బిగించాలి, పొద్దుగూకాక వదులు చెయ్యాలి. ఊరి కూతగొట్టం పై స్వరంలో కూస్తే, అంటే పై కూత వినిపిస్తే కట్టు, కింది కూత వినిపిస్తే విప్పు. గాలి తిరిగిన రోజున వేళలు మారతాయి కాబట్టి గడియారం కాదు, కూతే ఆజ్ఞ. నెల కిందట పై కూత వేస్తే ఈవిడ తాడు విప్పింది. బల్లకట్టు జారి పక్కదాన్ని గుద్దింది. రెండింటి మధ్యా నిలబడి తాడు అందుకుంటున్న ఆవిడ తమ్ముడు నరిసింహులు నలిగిపోయాడు. నాకు వినపడింది కింది కూతే అంటుందీవిడ. మీటను పైకే తిప్పినట్టు కూతగొట్టం యంత్రంలో నమోదై ఉంది. ఈవిడ పెట్టెలో దించుడు బిళ్లలు దొరికాయి.

మొదటి గొట్టం గోలీ మింగేటప్పుడు నిందితులు ఎదుట ఉండి చూడాలని నియమం. నలభై ఏళ్ల మనిషి, చేతులు తాళ్లకు కాయలు కాసి ఉన్నాయి. నేను ఇంకా మింగకముందే నాకేసి చూసి అంది.

“అమ్మా, నాను ముందురోజు సందేళ ఏసుకున్నాను. తలనొప్పికి. ఆ పొద్దు ఏటీ ఏసుకోనేదు. అది మరునాడుదాకా ఉంటాదేటో నువ్వే సెప్పాల.”

“చెప్తాను” అన్నాను.

“ఉంటాదంటే ఆణ్ణి నానే సంపీసినట్టు. తెలీక సస్తన్నాను. అది తెలిస్తే సాలు, ఆ కొటారుల్లో పడుంటాను.”

దొంగ ఏడుపులు నేను చాలా చూశాను. ఈవిడ ఏడవలేదు, అదే నాకు అనుమానమనిపించింది.

రెండో రోజు

పరీక్ష ఎనిమిది రోజులు. రోజుకో గొట్టం. కొన్నింటిలో మందు, కొన్నింటిలో ఉత్త సగ్గుబియ్యం పిండి. ఏ రోజుది ఏదో ఒడ్డున ఉన్న కెమిస్టుకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ జాబితా లక్క వేసిన కవరులో, పరీక్షాధికారి సదానందం గారి బీరువాలో ఉంది. మింగింది మొదలు సాయంత్రం నాలుగింటిదాకా నాతో ఎవరూ మాట్లాడకూడదు, నేనూ నోరు విప్పకూడదు. ఎవరి మాటలూ నా బుర్రలో పడకూడదని ఆ నియమం. ఏమన్నా కావాలంటే పలక మీద రాసుకోవడమే.

నిన్న, ఇవాళ పిండే. తొమ్మిదింటి పై కూత ఎప్పటిలా నిక్కచ్చిగా వినిపించింది. మా తాతముత్తాతలు సన్నాయి ఊదినవాళ్లు. నాకు పాట రాదు గానీ స్వరం వెంట్రుకవాసి దిగినా పట్టేస్తాను. అందుకే నా కొలబద్ద కూతగొట్టమే అనుకున్నాను. మనుషులు గొంతు మారుస్తారు, అబద్ధాలాడతారు. ఇత్తడి గొట్టానికి ఆ అవసరం లేదు.

సాయంత్రం సదానందం గారు టీ తెచ్చారు. మర్యాదస్తుడే, కాదనను. కానీ కూతగొట్టం కాపలాదారు గవరయ్య ఆయన బావమరిదని వంటమనిషి పైడితల్లి చెప్పింది. మందు తప్పు కాదని తేలితే తర్వాత విచారణకు నిలబడాల్సింది ఆ గవరయ్యే. ఇది నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

“మండలికి రాసిచ్చానండీ. తెప్పలూరులో బంధువు కానివాణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తాం అన్నారు.”

టీ తాగలేదు. ఆయన వెళ్లాక సముద్రంలో పారబోశాను.

మూడో రోజు

ఇవాళ మందే, నిస్సందేహంగా.

మింగిన గంటకు చెవుల్లో బరువు, కడుపులో కొంచెం తిప్పడం. కళ్లకు ఏమీ లేదు. గోడ గోడలాగే ఉంది, ఫారంలో మూడు గడుల్లోనూ ‘లేదు’ అని రాశాను. గది కింద మోటారు హోరు మాత్రం చిక్కబడి, ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది. తొమ్మిదింటికి పై కూత వేశారు. అబ్బ, ఏం కూత! దిగింది సరే, చీలికలు పీలికలై దిగింది. ఒక ముక్క ఒకచోట, ఇంకో ముక్క మరోచోట. మా తాత విని ఉంటే చెవులు మూసుకుని లేచిపోయేవాడు.

ఇది మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం కూర్చునే పీటల మీద కూర్చుంటుందని చదివాను. అన్నలు చూపుకు సంబంధించిన పీటలెక్కితే ఇదెందుకు చెవి పక్కకు చేరుతుందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. నాలుగింటికి సదానందం గారు మాట్లాడితే ఎవరో లావాటి మనిషి ఆయన నోట్లోంచి మాట్లాడినట్టుంది. మాటలు మాత్రం స్పష్టంగా అర్థమయ్యాయి. చీకటి పడేవేళకు గొంతు దారిలోకి వచ్చింది. ఆయన స్కేలు పెట్టి నా కనుపాపలు కొలిచి, పెద్దవయ్యాయని రాసుకున్నారు.

నాలుగో రోజు

నీళ్ల ఓడ వచ్చింది. గొట్టం మింగి, పంపు దగ్గర రెండు బిందెలు పట్టుకున్నాను. పైడితల్లి నా వెనకే నిలబడి, నియమం గుర్తొచ్చి, చేత్తో మూతి మూసుకుని నవ్వింది.

తొమ్మిదింటి పై కూత మళ్లీ దిగింది. కానీ నిన్నటిలా చీలలేదు. శుభ్రంగా, నున్నగా, సరిగ్గా కింది కూత ఉండే చోటికే దిగింది. అది కట్టు అని నాకు తెలుసు కాబట్టి సరిపోయింది గానీ, తెలియనివాళ్లు విప్పేసేవాళ్లే.  నూకరత్నం విన్నది ఇదే.

మరి చెవుల్లో బరువేదీ? కడుపులో తిప్పడమేదీ? రెండూ లేవు. సాయంత్రం సదానందం గారి గొంతు మామూలుగానే ఉంది. మామూలుగా ఉండటం కాదు, కావాలని ఎత్తి మాట్లాడుతున్నాడనిపించింది. ఇవాళా మందే ఇచ్చి, నాకు పిండి అనిపించాలని గొంతు పెంచుతున్నాడా? అప్పుడు నా సాక్ష్యం తికమకై, కేసు వీగిపోతుందనా? అలా వీగిపోతే ఆయన బావమరిదికే నష్టం కదా. అదీ అర్థం కాలేదు. ఏదైతేనేం, నా దగ్గరా ఈ వేషాలు!

“మీ కనుపాపలు ఇవాళ మామూలుగా ఉన్నాయండీ” అన్నారు.

స్కేలు నా చేతికివ్వమన్నాను, అద్దంలో నేనే కొలుచుకున్నాను. మామూలుగానే ఉన్నాయి. ఆ స్కేలు మీద కూడా అనుమానం వచ్చింది.

ఐదో రోజు

పిండి. కూత సరిగ్గా ఉంది. బల్లకట్టు అడుగున పేరుకున్న ఉప్పు గీరాను. రాయడానికి ఇంకేమీ లేదు.

ఆరో రోజు

మందు. మూడో రోజులాగే బరువు, తిప్పడం, చీలిన కూత. కంటికి ఏమీ లేదు. సాయంత్రం పైడితల్లి గొంతు మగవాడి గొంతులా ఉంటే నవ్వాగలేదు.

“ఏటమ్మా నవ్వుతావు, నాను ముసిల్దాన్నయిపోయానా?” అంది.

ఆవిడ రోజూ నూకరత్నం గదికి గంజి తీసుకెళ్తుంది. ఎలా ఉందని అడగకూడదు, అడిగేశాను.

“సెవుల్లో దూది కుక్కుకోని కూకుంటాదమ్మా. కూత ఇన్నానంటే తమ్ముడు అగుపడతన్నాడంట.”

అడగకుండా ఉండాల్సింది. ఇలాంటివి బుర్రలో పడకూడదనే కదా ఆ మౌనం.

ఏడో రోజు

మళ్లీ నీళ్లొచ్చాయి. బిందెలు నింపి గదిలోకి రాగానే కూత వేశారు. దిగింది. నాలుగో రోజులాగే శుభ్రంగా, చీలకుండా, కింది కూత చోటికి.

ఇప్పుడు నాకు సంగతి అర్థమైంది. మూడో రోజు మందు, నాలుగో రోజు పొద్దున దిగిన కూత. ఆరో రోజు మందు, ఏడో రోజు పొద్దున దిగిన కూత. అంటే బరువూ తిప్పడమూ అదే రోజు పోతాయి. చెవిలో దిగుడు మాత్రం మర్నాటి తొమ్మిదింటిదాకా అడుగున ఉండిపోతుంది. నూకరత్నం ముందురోజు సాయంత్రం వేసుకుంది, మర్నాడు తొమ్మిదింటికి తాడు విప్పింది. లెక్క సరిపోయింది.

సాయంత్రం సదానందం గారితో చెప్పాను. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నారు.

“అలాక్కాదేమోనండీ. ఈ రకం మందు ఒక పూట దాటి ఉండదు. ఇవాళ మీ కళ్లల్లో గానీ నాడిలో గానీ ఏమీ లేదు. నా గొంతు ఎలా ఉంది మీకు?”

“మామూలుగానే ఉంది.”

“మరి మందుంటే నా గొంతూ దిగాలి కదా. కూతొక్కటే ఎలా దిగుతుంది?”

“సాయంత్రానికి పోతుంది కాబట్టి మీ గొంతు దిగలేదు. పొద్దున మీరు మాట్లాడి ఉంటే తెలిసేది.”

“రేపొక్క రోజు ఆగి రాయండమ్మా. తొందరేం లేదు.”

తొందర లేదట! ఇన్నాళ్లూ బావమరిది కోసం మందును తప్పుపట్టిస్తాడనుకున్నాను, ఇప్పుడేమో మందును వెనకేసుకొస్తున్నాడు. నూకరత్నం వైపు వాళ్లతో ఏమన్నా మాట్లాడుకున్నాడేమో. ఇరవై ఏళ్లుగా ఇలా తియ్యగా ‘ఆగండమ్మా’ అన్నవాళ్లందరి వెనకా ఏదో ఒకటి ఉంది. ఒళ్లు మండి లేచి వచ్చేశాను.

ఎనిమిదో రోజు

పిండి. కూత సరిగ్గా ఉంది. ఫారం నింపాను. ‘కంటికి: ఏమీ లేదు. చెవికి: పై కూత కింది కూతగా వినిపించును. ఈ ప్రభావం మర్నాటి పొద్దుటి కూత వేళదాకా నిలుచును. కావున ఇది లేనిదాన్ని ఉన్నట్టు తోపించు మందు.’ సంతకం, వేలిముద్ర.

తర్వాత కవరు తెరిచారు. మందు ఇచ్చినది మూడు, ఆరు రోజుల్లో. నేను ఊహించినట్టే. మండలి పెద్దాయన నా చెవిని మెచ్చుకున్నాడు. గర్వపడ్డాను, దాచుకోను.

సాక్ష్యం నూకరత్నానికి చదివి వినిపించారు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. దూది తీసి మొత్తం విని, తలూపింది.

“అయితే నానే” అని, వేలిముద్ర ఎక్కడెయ్యాలో అడిగింది. నేరం ఒప్పుకున్న కాగితం మీద వేసేసింది. పదకొండో రోజు తీర్పు, ఆ రోజే ఓడ ఎక్కిస్తారు.

తొమ్మిదో రోజు

సెలవు. ఇంట్లో వలలు బాగుచేసుకున్నాను. కూత బాగుంది. మనసే బాగాలేదు. ఆవిడ తలూపిన తీరు పోవడం లేదు.

పదో రోజు

 జరిగింది జరిగినట్టే రాస్తాను.

పొద్దున నీళ్ల ఓడ వచ్చిందని బిందెలు తీసుకుని మూడో వరస పంపు దగ్గరికి వెళ్లాను. నాలుగు రోజులుగా నా ఒంట్లో మందు లేదు. చుట్టూ పదిమంది ఆడవాళ్లు గోలగోలగా మాట్లాడుకుంటున్నారు, ఎవరి గొంతు ఎలా ఉండాలో అలాగే ఉంది. పంపు ధారగా పోస్తోంది. తొమ్మిదైంది. కూత వేశారు.

కింది కూత.

నా పక్కనున్న తాళ్లవాడు లేచి తాడు బిగించడం మొదలుపెట్టాడు. వరసంతా బిగిస్తున్నారు. ఒక్కరూ తల ఎత్తలేదు.

“ఏమయ్యా, విప్పమని కూతేస్తే బిగిస్తున్నావేంటి?” అని గట్టిగా అడిగాను.

అతను మణికట్టు చూపించాడు. దానికి కట్టుకున్న చిన్న దీపం ఎర్రగా వెలుగుతోంది. ఆ దీపాలు రాత్రి పనికేననుకునేదాన్ని ఇన్నాళ్లూ.

“ఎరుపంటే కట్టు గందమ్మా. కూతెవులు ఇంటన్నారీ రోజుల్లో? దీపాలొచ్చి నాలుగేళ్లయ్యింది. ఆ నూకరత్నమొక్కతే, నాకు సెవులున్నాయి నాకు దీపమెందుకనీది.”

బిందె అక్కడే వదిలేసి కూతగొట్టం గదికి పరుగెత్తాను. గవరయ్య నన్ను చూసి బెదిరిపోయాడు. మీట పైకే ఉంది. మీటకు దీపాలూ కట్టి ఉన్నాయి, నమోదు యంత్రమూ కట్టి ఉంది. కూతకు మాత్రం గాలి కావాలి. ఆ గాలి తెచ్చే గొట్టం నీళ్ల పంపు తిప్పే గాలిట్యాంకు లోంచే వస్తోంది.

“ఎప్పటి నుంచి ఇలా?”

“కూత ట్యాంకు పగిలిపోయిందమ్మా, నెల దాటింది, నరిసింహులు పోడానికి రెండ్రోజులు ముందే. ఈ పంపు ట్యాంకునే పంపుకీ కూతకీ కలిపీమన్నారు. ఏం, కూత వస్తోంది గదా?”

వస్తోంది. నీళ్లు వదిలినప్పుడు సగం గాలితో వస్తోంది. ఇక్కడ నేను సిగ్గుతో చావాలి. సన్నాయిలో ఊపిరి చాలకపోతే పై స్వరం జారి కింది స్థాయిలో పడుతుందని మా ఇంట్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. మందు ఉన్న రోజు చీలిన కూతకూ, మందు లేని రోజు శుభ్రంగా దిగిన కూతకూ తేడా ఈ చెవులతో విన్నాను, ఈ చేత్తో రాసుకున్నాను. టీని అనుమానించాను, స్కేలును అనుమానించాను, సదానందం గారి గొంతును కూడా అనుమానించాను. ఆ ఇత్తడి గొట్టాన్ని మాత్రం దేవుణ్ణి నమ్మినట్టు నమ్మాను.

నరిసింహులు పోయిన రోజున నీళ్లొచ్చాయా అని గవరయ్యను అడిగాను. పంపు పుస్తకం తీసి చూపించాడు. వచ్చాయి.

సంతకం చేసిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకునే సాక్షికి మళ్లీ ప్రమాణం చేసే అర్హత ఉండదు. ఆ కాగితం పరీక్షాధికారి ద్వారానే పోవాలి, ఆయన కూడా సంతకం పెట్టాలి. అంటే గవరయ్య బావగారే. దాచేస్తాడనుకుని రెండు నకళ్లు రాసి, ఒకటి రవికలో పెట్టుకుని వెళ్లాను.

ఆయన నిలబడే చదివారు. చదివి కళ్లద్దాలు తీశారు.

“గవరయ్యకు ముగ్గురు పిల్లలండీ” అన్నారు.

“తెలుసు.”

“మా ఆవిడ నాతో మాట్లాడదిక.” కాగితం బల్ల మీద పరిచారు. “సంతకం కింద పెట్టనా, పక్కన పెట్టనా?”

పక్కన పెట్టమన్నాను. రవికలోని నకలు సంగతి చెప్పలేదు. ఆ టీ పారబోసిన సంగతి మాత్రం చెప్పి, క్షమించమన్నాను. ఆయన నవ్వలేదు.

పదకొండో రోజు

మండలి వాళ్లను కూతగొట్టం దగ్గర నిలబెట్టారు. పంపు కట్టేసి మీట పైకి తిప్పితే పై కూత. పంపు వదిలి అదే మీట అలాగే తిప్పితే కింది కూత. మూడుసార్లు వేయించారు. దీపాలకు అలవాటుపడ్డ చాలామంది పెద్దమనుషులు ఏది ఏ కూతో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కళ్లు మూసుకున్న నూకరత్నం మాత్రం మూడుసార్లూ తప్పు లేకుండా చెప్పింది. 

తీర్పు చెప్పారు. నూకరత్నం మీద కేసు కొట్టేశారు. ట్యాంకు కలపమన్నదెవరో తేలేదాకా గవరయ్యకు పని లేదు. దించుడు బిళ్ల మూడు, ఆరు రోజుల్లో చేసిన పని వల్ల ఇకనుంచి జాబితాకు ఎక్కుతుంది. ఫారంలో చెవికి కూడా ఒక గడి వేస్తారట. వరహాలు ఇకమీదట సాక్షి కాదు. ఈ పుస్తకం సాయంత్రంలోగా అప్పజెప్పాలి.

అందరూ వెళ్లాక నూకరత్నం దగ్గరికి వెళ్లాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్లాను, దగ్గరికెళ్లాక ఒక్క ముక్కే వచ్చింది.

“నువ్వు విన్నది నిజమే.”

“నిజమే” అంది. “ఇప్పమంటే ఇప్పాను. మొదట్రోజు నుంచీ అదే సెప్పినాను గదమ్మా.”

“అవును, చెప్పావు.”

“మీరందరూ కాదంటే, నా సెవుల్ని నానే తిట్టుకున్నాను. మావోడు తాడందుకోని ‘అప్పా’ అని నన్నే కేకేసినాడు. అది కూడా అబద్దమేమో, ఆడు కేకెయ్యనేదేమో అనుకున్నాను ఈ నెలంతా.” కొంగుతో మొహం తుడుచుకుంది. “నువ్వు కూడా రెండుసార్లు ఇన్నావంట గదా, నాలాగే?”

“విన్నాను.”

“మరి నీ సెవుల్నెందుకు నమ్మనేదు?”

కూతగొట్టం కేసి చెయ్యి చూపించాను.  ఆవిడ నన్ను దాటుకుని, తమ్ముడు పోయిన బల్లకట్టు వైపు వెళ్లింది.